నాలుగు నిమిషాల పట్టీ

గోదావరిఖనిలో బొగ్గు బాయి కార్మికుల దవాఖానలో నేను పదకొండేళ్లు ఈసీజీ గదిని నడిపాను. అక్కడ ఆ గదిని ఎవరూ ఆ పేరుతో పిలవరు. అది గ్రాఫ్ రూము. నేను గ్రాఫ్ సారును. తీసిన ప్రతి గ్రాఫుకూ వారం, సమయం, నిమిషానికి ఎన్ని దెబ్బలు, దెబ్బకూ దెబ్బకూ నడుమ ఎన్ని గళ్లు అన్నది సొంత నోటుపుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. దవాఖాన రిజిస్టరు వేరే ఉండేది. ఇది నా కోసం. ఆ పుస్తకాల్లో 2010 మే నెలలోని ఒక మంగళవారం ఉంది. ఆ ఉదయం పది గంటల నలభై ఆరు నిమిషాల నుంచి యాభై నిమిషాల వరకు ఒక మనిషి ప్రాణం నేను గ్రాఫు పట్టీని సరిగ్గా చదవడం మీద ఆధారపడింది. ఆ నాలుగు నిమిషాలూ నేను దాన్ని చూస్తూనే ఉన్నాను. చదవలేదు.

చదవడం కష్టమైన విద్య కాదు. గులాబీ గళ్ల కాగితం సెకనుకు ఇరవై ఐదు మిల్లీమీటర్లు జరుగుతుంది. చిన్న గడి ఒక్కొక్కటి ఒక మిల్లీమీటరు, అంటే నిమిషానికి పదిహేను వందల గళ్లు. రెండు మొనల నడుమ గళ్లు లెక్కపెట్టి, పదిహేను వందలను దానితో భాగిస్తే గుండె వేగం వస్తుంది. ఇరవై గళ్లుంటే డెబ్బై ఐదు. ఆరోగ్యంగా ఉన్న గుండె ముందు ఒక చిన్న మిట్టను గీస్తుంది, వెంటనే నిటారైన మొనను, ఆ తర్వాత వెడల్పాటి గుట్టను. ఆ వరుస తప్పిందంటే లోపల కొట్లాట మొదలైందని అర్థం. పై గదులు అదుపు తప్పి గిలగిలలాడితే మిట్టలు మాయమవుతాయి, మొనల నడుమ ఏ రెండు ఖాళీలూ సమానంగా ఉండవు. పైనుంచి కిందికి కబురు తెగిపోతే మిట్టలు తమ దారిన తాము నడుస్తాయి, మొనలు వాటితో నిమిత్తం లేకుండా నింపాదిగా పడతాయి. కింది గది పెత్తనాన్ని లాక్కుంటే మొనలు మొనల్లా ఉండవు. మూడు గళ్లకు మించి ఉబ్బి, మొరటు అలలై, ఒకదాన్నొకటి తరుముతాయి. అది ముదిరితే అలలు కూడా మిగలవు. పిచ్చిగీతలు మిగులుతాయి. గుండె నెత్తుటిని నెట్టడం మానేస్తుంది. అక్కడి నుంచి మనిషికి ఉన్నవి నిమిషాలే.

మా దగ్గర చిక్కు మరొకటి. వేరే చోట ఈ బల్ల మీద పడుకునేవాడు గ్రాఫు బాగా రావాలని కోరుకుంటాడు. మా వరండాలో కూర్చునేవాళ్లలో చాలామంది చెడ్డ గ్రాఫు కోసం వచ్చేవాళ్లు. రిటైరు కాకముందే మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని తేలిస్తే ఇంట్లో ఒకరికి ఉద్యోగం వచ్చే వీలుండేది. ముప్పై ఏళ్లు బాయిలో దిగినవాడు పిల్లలకు ఇచ్చిపోగలిగింది అదొక్కటే. అందుకని తంబాకు దట్టించి వచ్చేవాళ్లు. దవాఖాన మెట్లు పరుగున ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి వచ్చేవాళ్లు. బల్ల మీద పడుకున్నాక పిడికిలి బిగించి కండలు వణికించేవాళ్లు. ఆ వణుకు కాగితం మీద అచ్చం ప్రాణం తీసే లయలాగే పడుతుంది.

వాళ్లను పట్టుకోవడంలో నేను దిట్టనని పేరు. పరుగెత్తి వచ్చినవాణ్ని గడియారం చూసి అర్ధగంట బెంచీ మీద కూర్చోబెట్టేవాణ్ని. వణికించేవాడికి ఇంకో లెక్క ఉండేది. కుడి చెయ్యి వణికితే ఆ చేతి నుంచి తీసే రెండు గీతలు, అంటే ఒకటో లీడు, రెండో లీడు, చెడతాయి. ఎడమ చేతికీ ఎడమ కాలికీ నడుమ తీసే మూడో లీడు మాత్రం శుభ్రంగా ఉండాలి. అక్కడ మొనలు చక్కగా కనిపిస్తాయి. తెల్లకాగితం అంచు మీద ఆ మొనల దూరాన్ని పెన్సిలుతో గుర్తుపెట్టి, చెడిన గీత మీదికి జరిపితే, ఆ గజిబిజిలో కూడా అసలు మొనలు సరిగ్గా అదే దూరంలో తలలెత్తుతూ దొరికిపోతాయి. నేను అలా దొరకబుచ్చుకున్నవాళ్లు ఎంతోమంది. మా నాన్న కూడా బాయిలో పనిచేసినవాడే. అయినా వాళ్ల మీద నాకు జాలి ఉండేది కాదు.

ఆ మంగళవారం పది దాటి ఐదు నిమిషాలకు వరండాలోకి తండ్రీ కొడుకూ వచ్చారు. తండ్రికి యాభై ఏడేళ్లు, భూగర్భంలో పైకప్పుకు దిమ్మెలు నిలబెట్టే పని. కొడుకుకు ముప్పై లోపు. తండ్రి అంగీ తడిసి ఒంటికి అతుక్కుంది, నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు. కొడుకు అతని మెడ వెనుక చెయ్యి వేసి నెట్టుకుంటూ వచ్చాడు.

బెంచీ మీదివాళ్లకు విషయం తెలిసిపోయింది.

"ఏంది కాక, మెట్లు ఎన్నిసార్లు ఎక్కిచ్చిండు నీ కొడుకు?"

"మూడుసార్లు," అన్నాడు పెద్దాయన దాపరికం లేకుండా.

వరండా అంతా గొల్లుమంది. "ఇంకో రెండుసార్లు ఎక్కు కాక, బోర్డు గిర్డు లేకుంట సీదా అన్‌ఫిటే!"

"నువ్వు నోరు మూస్కో నాయినా," అని కొడుకు పిడికిలితో తండ్రి వీపు నడుమ గుద్దాడు. సరదాకు గుద్దినది కాదు. పెద్దాయన రెండడుగులు ముందుకు తూలి గోడ పట్టుకున్నాడు.  నేను గడియారం చూశాను.

"అర్ధగంట కూసో కాక. దమ్ము ఆగినంక తీస్త," అన్నాను.

"ఇప్పుడే తియ్యి సార్," అని కొడుకు అడ్డం వచ్చాడు. "ఇప్పుడైతే మంచిగ..." అని ఆగిపోయాడు.

"మంచిగ ఖరాబు వస్తదా?" అన్నాడు బెంచీ చివరనున్న ఫిల్లరు, బాయిలో బొగ్గు నింపేవాడు. మళ్లీ నవ్వులు. కొడుకు అతని కాలర్ పట్టుకున్నాడు, అతను కొడుకు మణికట్టు మెలిపెట్టాడు, నడుమ ఇద్దరు లేచి విడదీశారు. పది గంటల పన్నెండు నిమిషాలు అని రాసుకుని నేను లోపలికి వెళ్లాను.

పది ముప్పై ఒకటికి పెద్దాయన తలుపు దగ్గరికి వచ్చాడు. "సారు, ఛాతీల టబ్బు పట్టా దప్పినట్టు గడగడ కొట్టుకుంటాంది," అన్నాడు. టబ్బు అంటే బాయిలో బొగ్గు మోసే ఇనుప బండి. అది పట్టాలు తప్పిన చప్పుడు విన్నవాడు ఆ పోలికను ఊరికే వాడడు. బాయి ఇంట్లో పుట్టిన నాకు ఆ సంగతి తెలుసు.

"ఇంకా పదకొండు నిమిషాలున్నయ్ కాక," అన్నాను.

పది నలభై రెండుకు పిలిచాను. అతను బల్ల దాకా వచ్చి, దాని అంచును కుడిచేత్తో పట్టుకుని, ఎక్కలేక ఆగాడు. నేను చంకలో చెయ్యి వేసి ఎక్కించాను. ఒళ్లు చల్లగా ఉంది, చెమట మాత్రం ఆగలేదు. ఛాతీకి పెట్టే రబ్బరు బుడ్డీలు ఆ చెమటకు రెండుసార్లు జారి ఊడిపోయాయి. అర్ధగంట నీడలో కూర్చున్నవాడి చెమట ఎందుకు ఆరలేదన్న ప్రశ్న నాకు రాలేదు. మే నెల కదా అనుకున్నాను.

పది నలభై ఆరుకు కాగితం కదిలింది. ఒకటో లీడులో పెద్ద పెద్ద అలలు. రెండో లీడులోనూ అవే. అతని కుడిచెయ్యి ఇంకా బల్ల అంచును పట్టుకునే ఉంది.

"చెయ్యి బిగవట్టకు కాక."

"బిగవడ్తలేను, సారు. వదిలితె పడిపోయేటట్టున్న."

"నాటకాలు బంద్ చెయ్యి. నీలాంటోళ్లను దినాం చూస్తున్న."

ఆ చెయ్యిని అంచు నుంచి ఊడబెరికి, బల్లకేసి అదిమి, మణికట్టు మీద నా బరువు వేశాను. అప్పుడు మూడో లీడు చూశాను. అది శుభ్రంగా లేదు. అక్కడా అవే అలలు, అంతే వెడల్పు, అంతే దూరం. కాగితం అంచు జరిపి చూశాను. లోపల దాక్కున్న మొన ఒక్కటీ దొరకలేదు. పదకొండేళ్లుగా నేను నమ్మిన లెక్క ఆ క్షణంలో నాకు స్పష్టంగా జవాబు చెప్పింది. ఇది చేతి వణుకు కాదంది. దానికి నేను చేసుకున్న అర్థం ఏమిటంటే, వీడు రెండు చేతులూ వణికిస్తున్నాడని. తొడ మీద అరచేత్తో కొట్టాను. గట్టిగానే కొట్టాను. "కదలకు!" అని అరిచాను. రెండోసారి కూడా కొట్టాను.

మెట్లు మూడుసార్లు ఎక్కి మోసం చేయబోయినవాడికి నిజంగా జబ్బు ఉండదని ఎక్కడా రాసి లేదు. ఉత్తుత్తి రోగం చూపించడానికి పరుగెత్తి, లోపలి నిజమైన రోగాన్ని అతను తట్టిలేపాడు. అది నేను తర్వాత ఆలోచించిన మాట. అప్పుడు ఆలోచించలేదు. అన్నిటికన్నా నన్ను వెంటాడేది మరొకటి ఉంది. అతని మణికట్టును అదిమిన నా వేళ్లు సరిగ్గా నాడి మీదే ఉన్నాయి. మూడు నిమిషాలకు పైగా ఉన్నాయి. నేను లెక్కపెట్టలేదు.

పది యాభైకి నా చేతికింది చెయ్యి మెత్తబడింది. లొంగాడు అనుకున్నాను. తిరిగి కాగితం వైపు చూశాను. అలలు పోయి పిచ్చిగీతలు పడుతున్నాయి. చెయ్యి కదలడం లేదు. గీత కదులుతోంది.

అతని కళ్లు పైకి తేలాయి, గొంతులోంచి గురకలాంటి శబ్దం వచ్చింది. నేను మెడ మీద వేళ్లు పెట్టాను, ఏమీ లేదు. డాక్టరు కోసం కేకవేసి, బల్ల మీదికి మోకాలితో ఎక్కి, ఛాతీ నడుమ రెండు అరచేతులూ వేసి నొక్కడం మొదలుపెట్టాను. పదిహేనో పదహారో నొక్కుకు ఒక పక్కటెముక విరిగింది. ఇంకాసేపటికి మరొకటి. మొదటిది చెవికి వినిపించింది, రెండోది అరచేతికి తెలిసింది. ఆపకూడదు. ప్రతి నొక్కుకూ అతని తల అటూ ఇటూ కొట్టుకుంది.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ కోస్తా నుంచి వచ్చి రెండు నెలలైంది. సన్నగా ఉండేది, గొంతు కూడా సన్నం. వరండాలోవాళ్లు ఆమె యాసను వెక్కిరించేవాళ్లు. ఆవేళ ఆమె షాక్ యంత్రాన్ని తానే తోసుకుంటూ పరుగున వచ్చింది.

"ఎంతసేపయింది? మిమ్మల్నేనండీ, ఎంతసేపయింది?"

"ఇప్పుడే పడిపోయిండు మేడమ్," అన్నాను. అందులో అబద్ధం లేదు. నిజం మొత్తం కూడా లేదు.

"అందరూ తప్పుకోండి! బల్ల ముట్టుకోకండి!" రెండు వందల జౌల్స్ షాక్ ఇచ్చింది. అతని ఒళ్లు విల్లులా లేచి బల్ల మీద దభేలున పడింది. గీత మారలేదు. నేను మళ్లీ నొక్కాను. మూడు వందలు. కాలిన వెంట్రుకల వాసన గది నిండా కమ్మింది. ఒళ్లు మళ్లీ లేచింది, మళ్లీ పడింది, కాలు ఒకటి బల్ల దిగి వేలాడింది. గీత మారలేదు.

ఆ రెండో షాక్ తర్వాత కొడుకు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. అతనికి కనిపించింది ఇది: తండ్రి ఛాతీ మీద పొగ, తండ్రి మీద మోకాలు వేసి కూర్చుని గుద్దుతున్న నేను.

"సంపుతుండ్రు! మా నాయిన్ను సంపుతుండ్రు!"

గోడ పక్కనున్న ఇనుప స్టూలు ఎత్తి నన్ను కొట్టాడు. మొదటి దెబ్బకు ఎడమ భుజం పక్కన ఎముక విరిగింది. రెండోది ముఖం మీద; కింది వరుసలో రెండు పళ్లు నాలుక మీదికి వచ్చాయి. నేను బల్ల మీంచి కింద పడ్డాను. మూడోసారి స్టూలు ఎత్తేలోగా వరండాలోవాళ్లు వచ్చి అతని మీద పడ్డారు. ఇందాక కొడుకు ఎవరి కాలర్ పట్టుకున్నాడో ఆ ఫిల్లరే ముందున్నాడు. జుట్టు పట్టి వరండాలోకి ఈడ్చుకెళ్లి, చెప్పులతో, కాళ్లతో, పిడికిళ్లతో కొట్టారు. "ముసలోన్ని మెట్లెక్కిచ్చి సంపిందే నువ్వు కదరా!" అన్న మాట ప్రతి దెబ్బకూ వినిపించింది. అందాక నవ్వినవాళ్లూ వాళ్లే.

డాక్టరమ్మ ఆ గొడవ వైపు తల తిప్పలేదు. నేను లేచి ఒంటిచేత్తో నొక్కబోతే, "మీరు వద్దు!" అని పక్కకు నెట్టి, నర్సును ఎక్కమని, తానే యంత్రం తిప్పింది. మూడు వందల అరవై. ఒళ్లు మూడోసారి లేచింది. పడ్డాక గీత ఒక్క క్షణం నిలువునా లేచి, చదునై, తర్వాత ఒక మొన వేసింది. ఖాళీ. ఇంకో మొన. నేను నేల మీద కూర్చుని, నోట్లో నెత్తురు మింగుతూ, యంత్రం నుంచి కిందికి వేలాడుతున్న కాగితం మీద గళ్లు లెక్కపెట్టాను. పద్నాలుగు. అంటే నూట ఏడు. ప్రతి మొనకూ ముందు చిన్న మిట్ట ఉంది.

కొడుకును ఠాణాకు తీసుకెళ్లారు. నన్ను భుజానికి కట్టు కట్టి, పెద్దాయనకు రెండు మంచాల అవతల పడుకోబెట్టారు.

ఆ సాయంత్రమే డాక్టరమ్మ పట్టీ మొత్తం చేతిలో పట్టుకుని వచ్చింది. యంత్రం అంచున సమయాన్ని ముద్రిస్తుంది. ఆమె ఏమీ అడక్కుండా పది నలభై ఆరు దగ్గర వేలు పెట్టింది.

"మేడమ్, ఎనిమిది గళ్లు," అన్నాను. "పదిహేను వందలను ఎనిమిదితో భాగిస్తే నూట ఎనభై ఏడున్నర. వెడల్పు నాలుగు గళ్లు. మూడో లీడులో కూడా ఉన్నది. నేను చూసిన. చెయ్యి వణికిస్తుండనుకున్న."

"నాలుగు నిమిషాలు," అంది ఆమె.

"నాలుగు నిమిషాలు. అంతకుముందు బెంచీ మీద కూడా. అది ఎంతనో నాకు తెల్వదు."

ఆమె ఆ మాటలను కేసు కాగితం మీద రాసి, సంతకం పెట్టమని కలం ఇచ్చింది. పెట్టాను.

బుధవారం ఉదయం పెద్దాయన మాట్లాడాడు. నేను లేచి అతని మంచం దగ్గరికి వెళ్లాను. అతను నా కట్టును, వాచిన ముఖాన్ని చూశాడు.

"నా పక్కబొక్కలు ఇరగ్గొట్టింది నువ్వేనట గద."

"అవును కాక. రెండు."

"నిన్ను ఇట్ల చేసింది నా కొడుకట."

"అవును."

"బలంగనే కొట్టిండు," అన్నాడు, ఆ మాటలో కొంత గర్వం ఉంది. నవ్వబోయి నొప్పికి ఆగిపోయాడు.

అప్పుడు నేను చెప్పాను. పట్టీలో జబ్బు కనిపించిందని, నమ్మలేదని, నాటకమని తిట్టి కొట్టానని, ఆ నాలుగు నిమిషాల్లో అతను చచ్చిపోవలసిందని. అతను కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత, "దగ్గరికి రా తమ్మీ, గట్టిగ మాట్లాడనీకి వస్తలేదు," అన్నాడు. వంగాను. సెలైన్ సూది ఉన్న చేత్తోనే చెంప మీద కొట్టాడు. పళ్లు పోయిన వైపే. కళ్లలోంచి నీళ్లు వచ్చాయి. అతనికి కూడా వచ్చాయి, పక్కటెముకలు కదిలినట్టున్నాయి.

"మూడుసార్లు మెట్లు ఎక్కినందుకు నన్ను కొట్టినవ్. సరే, ఎక్కిన. గడగడ కొట్టుకుంటాందని నీ తలుపుకాడికొచ్చి చెప్తి గద. అది నాటకమా?" ఊపిరి తీసుకున్నాడు. "నేను బతికిన్నని వానికి ఎవ్వలన్న చెప్పిండ్రా?"

ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం భుజానికి కట్టుతోనే ఠాణాకు వెళ్లాను. దవాఖాన మీద దాడి కేసు అది. నా వాంగ్మూలం కోసం చూస్తున్నారు. నాకు తెలిసిన పద్ధతిలోనే రాశాను: ఏ సమయానికి ఎవరు ఎవరిని కొట్టారు, దేనితో, ఎన్నిసార్లు. స్టూలు దెబ్బలు రెండు. వాటికి ముందు నేను తొడ మీద కొట్టినవి రెండు, మణికట్టు అదిమింది మూడు నిమిషాలకు పైగా. ఎస్సై చదివి తలెత్తాడు.

"ఇదేంది సార్, ఫిర్యాదా? మీ మీద మీరే కేసు పెట్టుకుంటున్నరా?"

"జరిగింది అంతే," అన్నాను. అతను ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టాడు. చివరికి, పిలిచినప్పుడు రావాలని కొడుకుతో సంతకం చేయించుకుని పంపించాడు.

బయటికొచ్చినవాడి పెదవులు పగిలి ఉన్నాయి, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండో స్టూలు దెబ్బ గుర్తొచ్చిందేమో, లేక నేను తెచ్చిన కబురు ఏమిటోనన్న భయమో.

"బతికిండా?" అన్నాడు.

"బతికిండు. ఇందాక నన్ను చెంప మీద కొట్టిండు."

అతను ఠాణా గోడకు నుదురు ఆన్చాడు. తర్వాత ఆ నుదురుతోనే గోడను గుద్దాడు, ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు. నేను కుడిచేత్తో చొక్కా పట్టి లాగవలసి వచ్చింది. నెత్తురు కనుబొమ్మ మీదుగా కారింది. "నేనే ఎక్కిచ్చిన, సార్. వద్దు బిడ్డా, దమ్మొస్తాందని మూడోసారికి కూడ అన్నడు," అన్నాడు. నా రుమాలు ఇచ్చి నుదుటికి అదుముకోమన్నాను. 

దవాఖాన వైపు నడిచాం. ఈ సంగతి ఇక్కడ ఆపితే బాగుండేది. కానీ జరిగింది అక్కడితో ఆగలేదు. చౌరస్తా దాటాక, నా వైపు చూడకుండా, నేల వైపు చూస్తూ అతను అడిగాడు.

"అయితే సార్, నాయిన అన్‌ఫిటే గద?"

"అన్‌ఫిటే," అన్నాను.